కళ్లకింద నలుపు మీద కన్సీలర్ రాస్తే బూడిద రంగు తేలుతోంది: మన ఛాయకు కరెక్టర్ నిజంగా అవసరమా?

శ్రావణి_కొత్తపేట
నాది చామనఛాయ. కళ్లకింద నలుపు ఇంటర్ చదివే రోజుల నుంచీ ఉంది, మా అమ్మకూ ఉంది. రోజూ ఉదయం నా చర్మం రంగుకన్నా ఒక మెట్టు తెల్లగా ఉండే, మచ్చలను కప్పే కన్సీలర్ రాసుకుంటాను. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద బాగానే కనిపిస్తుంది గానీ, రాయదుర్గంలో మెట్రో దిగి ఎండలోకి వచ్చేసరికి అక్కడ బూడిద రంగు తేలి, ఏమీ రాయనప్పటికన్నా నీరసంగా కనిపిస్తున్నాను. దాని మీద ఇంకో పూత వేస్తే సన్నని గీతల్లో పేరుకుంటోంది. ముక్కు పక్కలా బుగ్గల మీదా ఈ మధ్య ఎరుపు కూడా వస్తోంది. కోఠిలో ఆరు రంగుల కరెక్టర్ డబ్బా తెచ్చుకున్నాను. అందులో ఆకుపచ్చ, పసుపు, నారింజ, పీచ్ (గులాబీ కలిసిన లేత నారింజ), లావెండర్ (లేత ఊదా), గోధుమ రంగులు ఉన్నాయి, కానీ ఏది ఎక్కడ రాయాలో డబ్బా మీద ఒక్క మాట కూడా లేదు. అసలు మన ఛాయకు ఇది అవసరమా, లేక సరైన కన్సీలర్ దొరికితే చాలునా? నవంబరులో చెల్లి పెళ్లి ఉంది కనుక ఆలోపు తేల్చుకోవాలని ఉంది.

మేకప్_కృష్ణానగర్
శ్రావణి గారూ, మీ కన్సీలర్ నాసిరకం కాకపోవచ్చు, దాని రంగే మీకు పడటం లేదు. ముదురు రంగు మీద దానికన్నా తెల్లని పూత పల్చగా పడితే నలుపు పోదు, నలుపూ తెలుపూ కలిసి బూడిద రంగు అవుతుంది. అందుకే ముందుగా ఆ నలుపులో ఉన్న రంగును చంపాలి, ఆ తరువాతే చర్మం రంగును తేవాలి. కరెక్టర్ చేసే పని మొదటిది, కన్సీలర్ చేసే పని రెండవది.

రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే రంగులు ఒకదాన్నొకటి అణచుకుంటాయి. నీలానికి ఎదురు నారింజ, ఊదాకు ఎదురు పసుపు, ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ. అయితే రంగు ఒక్కటే సరిపోతే చాలదు, దాని ముదురుదనం కూడా మన ఛాయకు సరిపోవాలి. తెల్లని చర్మానికి లేత పీచ్ చాలు. చామనఛాయకు పీచ్‌కూ నారింజకూ మధ్య రంగు కావాలి. బాగా నల్లని ఛాయకు ముదురు నారింజ, కొందరికి ఇటుక రంగు దాకా వెళ్లాలి. చామనఛాయ మీద లేత పీచ్ రాస్తే అందులోని తెలుపు వల్ల మళ్లీ అదే బూడిద రంగు వస్తుంది. మీ డబ్బాలోని పీచ్‌లో నారింజను కొద్దిగా కలిపి, చేతి మీద కాకుండా కంటి కిందనే రాసి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. నలుపు ఉన్నంత మేరకే రాయాలి గానీ, అర్ధచంద్రాకారంలో బుగ్గ దాకా దించకూడదు. నలుపు లేని చోట పడిన నారింజను దాచడానికి మళ్లీ కన్సీలర్ ఎక్కువ వేయవలసి వస్తుంది, గీతల్లో పేరుకోవడం అక్కడే మొదలవుతుంది.

లావణ్య_మియాపూర్
సినిమా సెట్టులో లైట్ల ముందు నిలబడేవారికి పైన చెప్పినదంతా వర్తిస్తుందేమో గానీ, రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి రెండు పూతలు అనవసరమని నా అభిప్రాయం. కన్సీలర్లలోనే పీచ్ ఛాయ ఉన్నవి దొరుకుతాయి. చర్మం రంగుకు సరిగ్గా సరిపోయే, ఒక మెట్టు కూడా తెలుపు లేని, కాస్త నారింజ వైపు మొగ్గే కన్సీలర్ ఒక్కటి రాస్తే నా నలుపు కప్పబడుతోంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ నగరంలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో కంటి కింద ఎన్ని పూతలు ఉంటే అంత త్వరగా కరిగి జారుతాయి.

చర్మవైద్యం_తార్నాక
ఏ రంగు రాయాలన్న చర్చకు ముందు, ఆ నలుపు ఎలాంటిదో తెలుసుకోవాలి. కంటిరెప్పల చర్మం శరీరమంతటిలోనూ అతి పల్చనిది, మందం సుమారు అర మిల్లీమీటరు. ఆ ప్రాంతంలో నలుపు స్థూలంగా మూడు రకాలుగా వస్తుంది. మొదటిది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువై వచ్చే గోధుమ రంగు నలుపు. ఇది మన దేశంలో చాలా సాధారణం, తరచుగా వంశపారంపర్యం, కళ్లు నులుముకునే అలవాటూ అలర్జీలూ దాన్ని పెంచుతాయి. రెండవది పల్చని చర్మం కింద రక్తనాళాలు కనిపించడం వల్ల వచ్చే నీలం లేదా ఊదా రంగు. మూడవది నలుపే కాదు, కంటి కింద పల్లం వల్లనో ఉబ్బు వల్లనో పడే నీడ. చాలామందిలో ఇవి కలిసే ఉంటాయి.

అద్దం ముందు కింది రెప్పను వేలితో మెల్లగా సాగదీసి చూడండి. రంగు అలాగే ఉంటే మెలనిన్ అనుకోవచ్చు. సాగదీసినప్పుడు ఊదా రంగు ఇంకా స్పష్టమైతే రక్తనాళాలు. తల పైకెత్తి, వెలుతురు ముఖం మీద నేరుగా పడేలా చూసినప్పుడు నలుపు తగ్గిపోతే అది నీడ. నీడకు ఏ కరెక్టరూ పనిచేయదు, ఎందుకంటే అక్కడ చంపవలసిన రంగే లేదు.

శ్రావణి_కొత్తపేట
డాక్టర్ గారు చెప్పినట్టు చూశాను. బయటి మూల వైపు గోధుమ రంగు సాగదీసినా మారలేదు. ముక్కు పక్కన లోపలి మూలలో మాత్రం నీలం తేలింది. తల ఎత్తినప్పుడు మధ్య భాగంలో కాస్త తగ్గింది. అంటే నాకు మూడూ ఉన్నట్టేనా?

చర్మవైద్యం_తార్నాక
మీ వర్ణనను బట్టి మిశ్రమ రకం అనిపిస్తోంది, మన దగ్గర ఎక్కువగా కనిపించేది కూడా అదే. రక్తహీనత ఉన్నవారిలో ముఖం పాలిపోవడం వల్ల ఈ నలుపు మరింత స్ఫుటంగా కనిపిస్తుంది కనుక, ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోవడం మంచిది.

మేకప్_కృష్ణానగర్
అలాంటప్పుడు మొత్తం కంటి కింద ఒకే రంగు రాయకండి. లోపలి మూలలోని నీలానికి నారింజ పాలు ఎక్కువ ఉన్న మిశ్రమం ఒక చుక్క, బయటి మూలలోని గోధుమకు పీచ్ పాలు ఎక్కువ ఉన్నది ఒక చుక్క వేసి, మధ్య పల్లాన్ని వదిలేయండి. ఉంగరపు వేలితో అద్దాలి, రుద్దకూడదు. రుద్దితే అది నలుపు మీద నిలవకుండా పక్కకు జరిగిపోతుంది. ఒక నిమిషం ఆగి, కన్సీలర్ కూడా అద్దండి. మధ్య పల్లం దగ్గర మాత్రం కాస్త వెలుగునిచ్చే లేత కన్సీలర్ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఉన్నది నీడ.

లావణ్య గారు చెప్పిన పీచ్ కన్సీలర్ పద్ధతి తేలికపాటి నలుపుకు సరిపోతుందని ఒప్పుకుంటాను. ముదురు నలుపును కూడా దానితోనే కప్పాలని చూస్తే పూత మందమవుతుంది, రెండు పల్చని పూతలకన్నా ఒక మందపాటి పూతే త్వరగా పగులుతుంది.

వినయ్_అమీర్‌పేట
ఇది ఆడవారి చర్చ అనుకుని చదవడం మొదలుపెట్టాను గానీ నాకూ ఒక సందేహం ఉంది. నేను ఒక స్థానిక ఛానల్‌లో వార్తలు చదువుతాను. ఎంత నున్నగా గడ్డం గీసుకున్నా కెమెరాలో చెంపల మీద నీలపు నీడ కనిపిస్తుంది. అక్కడా నారింజే రాయాలా?

మేకప్_కృష్ణానగర్
అవును వినయ్ గారూ, చర్మం కింద నల్లని వెంట్రుకల మొదళ్లు నీలంగా కనిపిస్తాయి కనుక ముదురు పీచ్ గానీ నారింజ గానీ స్పాంజితో పల్చగా అద్ది, పైన బేస్ (ముఖమంతా రాసే ఫౌండేషన్) వేస్తాము. సినిమా హీరోలకు క్లీన్ షేవ్ పాత్రల్లో చేసేది ఇదే. గీసుకున్న వెంటనే రాయకండి, మంట తగ్గి చర్మం కుదుటపడ్డాక రాయండి.

రసాయనం_నాచారం
బూడిద రంగు గురించి ఒక వివరణ చేర్చాలనుకుంటున్నాను. కన్సీలర్లలో కప్పే శక్తి ప్రధానంగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి వల్ల వస్తుంది. దాన్ని చర్మం రంగుకు తేవడానికి పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు కలుపుతారు. లేత షేడులో తెలుపు పాలు ఎక్కువ, ఐరన్ ఆక్సైడ్ల పాలు తక్కువ. సన్నని తెల్లని కణాలు నీలపు కాంతిని ఎక్కువగా వెదజల్లుతాయి కనుక, వెనుక నల్లని నేల ఉన్నప్పుడు పల్చని తెల్లపూత నీలి బూడిదగా కనిపిస్తుంది. మసి పట్టిన గోడకు పల్చగా సున్నం కొట్టినప్పుడు కనిపించేది ఈ రంగే. పీచ్, నారింజ కరెక్టర్లలో ఎరుపు, పసుపు ఐరన్ ఆక్సైడ్లు ఎక్కువ ఉండటం వల్ల అవి ఆ నీలాన్ని పీల్చేసుకుంటాయి. ఆకుపచ్చ కరెక్టర్లలో సాధారణంగా క్రోమియం ఆక్సైడ్ గ్రీన్ వాడతారు.

ఐరన్ ఆక్సైడ్లు కంటికి కనిపించే కాంతిని కూడా కొంత అడ్డుకుంటాయి, అందుకే మంగు మచ్చలు ఉన్నవారికి రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు చేస్తుందంటారు.

సుధ_మలక్‌పేట
ఇన్ని డబ్బాలు ఎందుకు? ఎర్ర లిప్‌స్టిక్ కంటి కింద రాసి పైన కన్సీలర్ వేస్తే చాలు. 2015లో దీపికా ముత్యాల అనే తెలుగు మూలాలున్న అమెరికా అమ్మాయి చేసిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. మా హాస్టల్లో అందరమూ అప్పట్లో అదే చేసేవాళ్లము.

రసాయనం_నాచారం
సుధ గారూ, ఆ వీడియో చూపించిన సూత్రం సరైనదే. ముదురు ఛాయలకు తగిన కరెక్టర్లు దొరకని లోటును అది అందరికీ తెలియజేసింది, ఆమె తరువాత సొంతంగా సౌందర్య సాధనాల సంస్థను కూడా పెట్టారు. నా అభ్యంతరం లిప్‌స్టిక్‌లోని రంగుల గురించి మాత్రమే. పెదవులకు అనుమతి ఉన్న ప్రతి రంగుకూ కంటి పరిసరాల్లో వాడటానికి అనుమతి ఉండదు. అమెరికా నిబంధనల్లో ఈ తేడా స్పష్టంగా ఉంది. ఐరన్ ఆక్సైడ్లకు రెండు చోట్లా అనుమతి ఉంది. సరైన షేడు కరెక్టర్ దొరుకుతున్న ఈ రోజుల్లో ఆ ప్రయత్నం అవసరం లేదు.

సుధ_మలక్‌పేట
మాకెవరికీ ఏమీ కాలేదు గానీ, మీరు చెప్పిన కారణం విన్నాక మా అమ్మాయికి మాత్రం చెప్పను.

నాట్యం_సికింద్రాబాద్
మా గురువుగారు కూచిపూడి ప్రదర్శనలకు నారింజను ఇక్కడ చెప్పినదానికన్నా మందంగా వేయిస్తారు, దానికి కారణం ఉంది. రవీంద్రభారతి వంటి పెద్ద వేదిక మీద బలమైన దీపాల కింద, వెనుక వరుసల వారికి పూత కనిపించదు, కన్నులు మాత్రం కనిపించాలి. అదే అలంకరణతో పచ్చికబయలులో పగటిపూట ఫోటోలు దిగితే కళ్లకింద నారింజ పట్టీలు తేలతాయి. కనుక పెళ్లిలో మండపం ఎక్కడ ఉంటుందో, ముహూర్తం ఏ వేళకో చూసుకుని పూత మందాన్ని నిర్ణయించుకోండి.

ఫోటో_సైదాబాద్
పెళ్లి ఫోటోలు తీసేవాడిగా రెండు మాటలు చెబుతాను. ఫంక్షన్ హాళ్లలో దీపాలు నడినెత్తి మీద ఉంటాయి, ఆ వెలుగులో ఎంత అందంగా కప్పినా కంటి పల్లంలో నీడ పడుతుంది. ఎదురుగా మెత్తని లైటు పెట్టమని మీ ఫోటోగ్రాఫర్‌ను అడగండి, డాక్టర్ గారు చెప్పిన మూడవ రకం నలుపుకు మందు అదే. రెండవది, కంటి కింద తెల్లని సిలికా పౌడర్ ఎక్కువగా అద్దుకుంటే మామూలు కంటికి కనిపించదు గానీ ఫ్లాష్ పడగానే తెల్లని మచ్చలు తేలతాయి. అలంకరణ పూర్తయ్యాక ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసుకుని చూసుకుంటే ఆ ఇబ్బంది ముందే తెలుస్తుంది.

హిమజ_వనస్థలిపురం
పెళ్లింటివారికి ఒక జాగ్రత్త. నలుగు పెట్టిన మరునాడు పసుపు రంగు ముఖం మీద ఇంకా నిలిచి ఉంటుంది. మా ఇంట్లో ముందుగా సరిచూసుకున్న కన్సీలర్ షేడు ఆ రోజు ఎవరికీ సరిపోలేదు. పసుపు పెట్టించుకునే వారందరూ ఒక షేడు అటూ ఇటూగా దగ్గర ఉంచుకోవాలి.

శ్రావణి_కొత్తపేట
మేకప్ అన్న చెప్పిన మిశ్రమంతో ఈ రోజు ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం దాకా బూడిద రంగు తేలలేదు, చాలా సంతోషంగా ఉంది. ఎరుపు సంగతే మిగిలింది. ఆకుపచ్చ రాసి పైన బేస్ వేస్తే బుగ్గలు పాలిపోయినట్టు, రోగం వచ్చి లేచినట్టు ఉన్నాయి.

మేకప్_కృష్ణానగర్
ఆకుపచ్చ కరెక్టర్ బాగా తెల్లని చర్మంపై కనిపించే ఎరుపుకు పుట్టింది. చామనఛాయలో పసుపు, గోధుమ రంగులు ముందే ఉంటాయి కనుక దాని మీద లేత ఆకుపచ్చ వేస్తే ఎరుపు కొద్దిగా తగ్గి, చుట్టూ ఉన్న చర్మం పాలిపోతుంది. మన ఛాయలో తేలికపాటి ఎరుపుకు పసుపు పాలు ఉన్న బేసే సరిపోతుంది. అప్పుడే లేచిన ఎర్రని మొటిమ మీద ఆకుపచ్చను సన్నని బ్రష్‌తో చుక్కంత పెట్టవచ్చు, బుగ్గంతా మాత్రం రాయకూడదు. మొటిమ మానాక మిగిలే గోధుమ మచ్చకు ఆకుపచ్చ అసలు పనికిరాదు, దానికి పీచ్ కావాలి. లావెండర్‌ను పసుపుదనం తగ్గించడానికి అమ్ముతారు గానీ మన ఛాయల మీద అది బూడిద రంగునే తెస్తుంది. ఆ రెండు గళ్లనూ పక్కన పెట్టండి.

లావణ్య_మియాపూర్
ఈ ఒక్క విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆరు రంగుల డబ్బాలు కొనిపించి, అందులో మనకు పనికొచ్చేవి రెండే ఇవ్వడం అన్యాయం. పీచ్, నారింజ విడిగా చిన్న ట్యూబుల్లో దొరుకుతున్నాయి, ఎల్.ఏ. గర్ల్ వారివి చాలాకాలంగా ఉన్నాయి.

సరిత_ఉప్పల్
కొనేటప్పుడు బేగంబజారులో సగం ధరకు వచ్చే విదేశీ పేర్ల డబ్బాలను జాగ్రత్తగా చూడాలి. దిగుమతి చేసిన సౌందర్య సాధనం మీద దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికేట్ సంఖ్య ముద్రించి ఉండాలి. అవి లేకపోతే కంటి దగ్గర పెట్టుకునే ధైర్యం చేయకూడదు. నేను స్కూటీ మీద వెళ్తాను, ముఖానికి చున్నీ కట్టుకుంటే పూత అంతా దానికే అంటుకుంటుంది. దీనికి ఎవరైనా మార్గం చెబుతారా?

మేకప్_కృష్ణానగర్
సరిత గారూ, ముందు సన్‌స్క్రీన్ పూర్తిగా ఇంకనివ్వండి, తరువాత కరెక్టర్ మాత్రమే వేసుకుని పల్చగా పౌడర్ అద్ది బయలుదేరండి. కన్సీలర్‌ను ఆఫీసుకు చేరాక వేసుకోండి. చున్నీ కంటి కింది ఎముక మీద బిగియకుండా కాస్త కిందికి కట్టుకుంటే చాలావరకు నిలుస్తుంది.

చర్మవైద్యం_తార్నాక
శ్రావణి గారూ, ఎరుపు ఈ మధ్యనే మొదలైందన్నారు, నాకు ఆ మాట దగ్గరే ఆలోచన ఆగింది. పుట్టుకతో లేని ఎరుపు కొత్తగా వచ్చినప్పుడు దాన్ని కప్పే రంగుకన్నా దాని కారణం ముఖ్యం. రొజేషియా (ముఖం ఎర్రబడి ఉండిపోయే చర్మవ్యాధి) కావచ్చు, సెబోరిక్ డెర్మటైటిస్ (జిడ్డు ఉండే చోట్ల ఎర్రబడి పొట్టు లేచే వ్యాధి) కావచ్చు, మన ఛాయలో ఇవి ఆలస్యంగా గుర్తింపబడతాయి. వీటికన్నా ఎక్కువగా నా దగ్గరకు వచ్చేది స్టెరాయిడ్ క్రీముల వల్ల దెబ్బతిన్న ముఖం. తెల్లబడతారని చెప్పి ఎవరైనా ఇచ్చిన క్రీము ఏదైనా వాడుతున్నారా? ఎండలో మంట, వేడి ఆవిరి తగిలితే ఎర్రబడటం, క్రీము మానిన రెండు రోజుల్లో దురద, సన్నని వెంట్రుకలు పెరగడం, వీటిలో ఏవైనా ఉన్నాయా?

శ్రావణి_కొత్తపేట
పెళ్లి పనులు మొదలయ్యాక పార్లర్‌లో గ్లో కోసమని ఒక ట్యూబు ఇచ్చారు, రాత్రిపూట రాస్తున్నాను. మొదట్లో ముఖం నిజంగానే నిగనిగలాడింది. ఊరు వెళ్లినప్పుడు అది తీసుకెళ్లలేదు, ఆ రెండు రోజులూ బుగ్గలు మండాయి. ట్యూబు వెనుక చిన్న అక్షరాల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ అని ఉంది.

చర్మవైద్యం_తార్నాక
ఆ మూడవది స్టెరాయిడ్. ఈ మూడింటి కలయిక మంగు మచ్చలకు వైద్యుని పర్యవేక్షణలో కొద్దికాలం వాడే మందు, నిగారింపు కోసం రాసుకునే క్రీము కాదు. స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా పార్లర్ల ద్వారా, తెలిసినవారి ద్వారా అవి చేతులు మారుతూనే ఉన్నాయి, ఈ విషయంలో నాకు చాలా బాధగా ఉంటుంది.

మీరే దాన్ని ఒక్కసారిగా మానేయకండి, కొందరిలో ఎరుపూ మంటా హఠాత్తుగా పెరుగుతాయి. ట్యూబును వెంట తీసుకుని ఈ వారంలోనే దగ్గరలోని చర్మవైద్యులను కలవండి. ఎంతకాలం వాడారో చూసి ఎలా తగ్గించాలో వారు చెబుతారు. ఈలోగా స్క్రబ్బులు, ఫేషియల్, బ్లీచ్, ఆవిరి పట్టడం అన్నీ ఆపండి.

హిమజ_వనస్థలిపురం
మా ఆడపడుచు ఇదే స్థితి నుంచి బయటపడింది. కొన్ని నెలలు పట్టింది గానీ ముఖం మామూలయింది. ధైర్యంగా ఉండండి.

శ్రావణి_కొత్తపేట
రేపు సాయంత్రానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. చెల్లికి కూడా అదే ట్యూబు ఇచ్చారు, తననూ తీసుకెళ్తున్నాను. పెళ్లికి ఇంకా సమయం ఉంది. అప్పటిదాకా ఆఫీసుకు కళ్లకింద పీచ్ రాసుకోవచ్చా?

చర్మవైద్యం_తార్నాక
కళ్లకింద చర్మం మీద ఆ క్రీము రాయకపోయి ఉంటే, అక్కడ మంట లేకపోతే రాసుకోవచ్చు. బుగ్గల మీద మాత్రం ఆకుపచ్చ గానీ బేస్ గానీ వద్దు, సువాసన లేని మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ చాలు. రాత్రి కరెక్టర్‌ను తీసేటప్పుడు దూదితో గట్టిగా తుడవకుండా, క్లెన్సింగ్ బామ్ కాసేపు ఉంచి కరిగాక మెత్తగా తీయండి. కాటుకను కూడా అప్పుడే తీసేయండి, రాత్రంతా జారిన కాటుక మరకను చాలామంది నలుపు పెరిగిందని పొరబడతారు.

మేకప్_కృష్ణానగర్
పెళ్లికి వారం ముందు ఇద్దరి బుగ్గలూ ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి శ్రావణి గారూ. డాక్టర్ గారు సరేనంటే అప్పుడు షేడు చూద్దాము, లేదంటే బుగ్గలను వదిలేసి కళ్లను మాత్రమే తీర్చే అలంకరణ ఎలా చేయాలో చెబుతాను.